ఖాళీ కాని ఫోల్డరు

ఇది ఇంతవరకూ పైకి అనలేదు. ఆ ముసలమ్మ పాటని చెరిపేసింది లన్యేరో కాదు, నేను.

మా గులు ఊరి రేడియో స్టేషన్లో వెనక స్టూడియోకి పేరు బాగాలేదు. కిటికీల్లేని గది — మిట్టమధ్యాహ్నం కూడా లోపల రాత్రే. నాతో పనిచేసే లన్యేరోని ఉద్యోగంలోంచి తీసేసినప్పటి నుంచి అందులో ఎవరో ముసలావిడ గొణుగుతోందని వాచ్‌మన్ ఓజారా తాత చెప్పాడు. అంతే, పదకొండు రోజులుగా ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

అసలు జరిగింది ఇదీ. కింది గదిలో అందరి ఫైళ్ళూ ఉండే పెద్ద డిస్కు నిండిపోయిందని, ఒక సాయంత్రం ఈ స్టూడియో కంప్యూటరు మిషను ముందు నా లాగిన్‌తో కూర్చుని పాతవి చెరుపుతూ పోయాను. నాకు నేనే నేర్చుకున్న లినక్సు — చేతి వేగం కంటికి లేదు. లన్యేరో పల్లెకెళ్ళి రికార్డు చేసుకొచ్చిన పాట కూడా పోయింది. పాడినావిడ ఆ వారమే చనిపోయింది. ఇంకో కాపీ లేదు. మర్నాడు మేనేజరు లన్యేరోని గేటు దగ్గరే ఆపి, "నిర్లక్ష్యం! లోపలికి రాకు" అన్నాడు. పక్కనే టీ తాగుతున్నాను. గ్లాసు ఖాళీ చేసి లోపలికెళ్ళాను.

ఇవాళ ఆయనే నాతో, "ఆ పిల్ల ఫోల్డరు తీసిపారెయ్" అన్నాడు.

తాళంచెవి ఇస్తూ ఓజారా తాత గొంతు తగ్గించాడు. "లోపల ఎవరైనా పలకరిస్తే జవాబివ్వకు, తల్లీ."

"నువ్వూ రా తాతా."

"నన్ను పెట్టుకుంది గేటుకి."

చీకటి. మిషను మాత్రం వెలుగుతూనే ఉంది.

ఫోల్డరు చెరపబోతే — ఖాళీగా లేదంది. తెరిచాను... ఏమీ లేదు. మళ్ళీ చెరపబోయాను. ఖాళీగా లేదు. దాగిన ఫైళ్ళు కూడా చూపించమన్నాను.

ఒకటుంది. ముందు చుక్క, వెనక పొడుగాటి అంకెలు. చెరిపాను. ఇంకో అంకెలతో తిరిగొచ్చింది. ఐదుసార్లు. భయపడే ఓపిక కూడా అయిపోయింది.

పోవట్లేదని రాస్తే మేనేజరు మెసేజి: "పోకపోతే మిషను ఆపి మళ్ళీ వెయ్యి."

స్విచ్చి మీద వేలు పెట్టాను. అప్పుడు వినిపించింది — కొక్కేనికి వేలాడే హెడ్‌ఫోన్లలోంచి, సన్నగా... ముసలి గొంతు. ఒకే చరణం. మళ్ళీ అదే.

చెవికి పెట్టుకున్నాను. ఆవిడే — లన్యేరో ఒకసారి వినిపించిన గొంతు.

లన్యేరో ఆ సాయంత్రం, నేను రాకముందే, ఆ చరణాన్ని తిరిగి తిరిగి మోగేలా పెట్టి, తన లాగిన్ అలాగే వదిలి ఇంటికెళ్ళిందన్నమాట. ఇలాంటి అందరి డిస్కులో, ఏదైనా ప్రోగ్రాము తెరిచి పట్టుకున్న ఫైలుని చెరిపితే అది పోదు. వదిలేదాకా పేరు మార్చుకుని అక్కడే ఉంటుంది. దెయ్యమని భయపడి ఎవరూ మిషను ఆపలేదు కాబట్టి బతికింది. నేను స్విచ్చి నొక్కితే పాట పోతుంది. నా తప్పు ఆనవాలూ దాంతోపాటే పోతుంది.

వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

తర్వాత ఆ అంకెల ఫైలుని వేరేచోటికి కాపీ చేశాను. మొదట్నుంచి విన్నాను. చివర్లో ముసలమ్మ దగ్గు, పక్కన లన్యేరో నవ్వు.

"ఉన్నావా అమ్మాయ్?" తలుపవతల నుంచి తాత. "ఎవరది లోపల?"

"దెయ్యం కాదు తాతా. లన్యేరో పాట."

మేనేజరుకి తర్వాత చెప్తాను. ముందు లన్యేరోకి. ఏమని మొదలుపెట్టాలో ఇంకా తెలియదు... అయినా ఫోన్ చేస్తున్నాను.