మూలనున్న గోరీ

హఫర్ అల్ బాతిన్ ఊరు దాటి కువైట్ సరిహద్దు వైపు వెళ్తే ఎడారిలో ఒక పాత పోలీసు స్మశానం ఉంది. ఒకప్పుడు సరిహద్దు కాస్తూ చనిపోయిన అధికారులను అక్కడే పూడ్చారు. గోరీల మీద పేర్లుండవు. కాస్త ఎత్తుగా మట్టి, పైన కంకర, తలవైపు ఒక రాయి, కాళ్ళవైపు ఒక రాయి. అంతే.

రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన పీరయ్య పన్నెండేళ్ళుగా వాటిని కనిపెట్టుకుని ఉన్నాడు. గాలికి చెదిరిన కంకర సర్దడం, ఒరిగిన రాళ్ళు నిలబెట్టడం, ముళ్ళకంప పెరకడం అతని పని. గోడ మూలనున్న గోరీ కోసం మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. పీరయ్య దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. కష్టసుఖాలు దానికే చెప్పుకునేవాడు. ఎవరూ లేని ఆ మనిషి తనవాడే అనిపించేది.

ఆ తర్వాత అదే పనికి షరీఫ్ వచ్చాడు. కడపవాడు, నిదానస్తుడు. ప్రతి గోరీ దగ్గరా ఆగి దువా చదివేవాడు. చనిపోయినవాళ్ళ బంధువులు వచ్చినప్పుడు నేరుగా అతని దగ్గరికే వెళ్ళి పలకరించేవారు, ఖర్జూరాలు అతని చేతిలోనే పెట్టేవారు. పీరయ్య పార పట్టుకుని పక్కనే నిలబడినా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. షరీఫ్ దగ్గు విన్నా అతనికి చిరాకేసేది.

ఒక మధ్యాహ్నం పీరయ్య అన్నం గిన్నె పట్టుకుని వెళ్తే, షరీఫ్ ఆ మూలగోరీ పక్కన కూర్చుని నీళ్ళు చల్లుతున్నాడు. సరిగ్గా తను కూర్చునే చోట.

ఆ పూట పీరయ్యకు ముద్ద దిగలేదు. షరీఫ్ లేచి వెళ్ళాక వంగి, కంకర మీద అరచేయి ఆనించి గుసగుసగా అన్నాడు. "వాణ్ణి పొమ్మను సామీ. నీకు నేనుండా గదా."

చల్లిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి, అయినా ఎండకు కాలిపోవలసిన కంకర చల్లగా తగిలింది.

మూడోనాడు ఇసుక తుఫాను లేచింది. సాయంత్రం నాలుగింటికే ఆకాశం ఎర్రబడి, తర్వాత గోధుమరంగులోకి తిరిగి, చీకటైపోయింది. కాలిన మట్టి వాసన ముక్కుపుటాలకు పట్టేసింది. పీరయ్య పనిముట్ల గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. షరీఫ్ బయటే ఉండిపోయాడు.

"పీరన్నా... దారి కనపడ్డంలే..."

పీరయ్య చెయ్యి గడియ మీదే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు, ఆ గొంతు ఆనవాలు పట్టుకుని షరీఫ్ వచ్చేస్తాడు. వెయ్యలేదు. వెతుక్కోనీ, అనుకున్నాడు. కాసేపు అల్లాడనీ.

"అన్నా... యాడుండావు..."

అప్పుడు బయట ఎవరో పలికారు.

"ఇట్రా అబ్బీ... ఇట్లా..."

అదే రాయచోటి యాస. అదే బొంగురు. అది తన గొంతే... మూల వైపు నుంచి.

గడియ లాగి బయటికి పరుగెత్తాడు. షరీఫ్, షరీఫ్ అని అరిచాడు. నోట్లోకి ఇసుక కొట్టింది. గోడ తడుముకుంటూ మూలకు చేరేసరికి కాలికి మెత్తగా ఏదో తగిలింది. షరీఫ్ గోరీ మీద బోర్లా పడి ఉన్నాడు. నోటినిండా కంకర. ఎవరో వేళ్ళతో కుక్కినట్టు...

ఊపిరి ఉంది. ఆసుపత్రిలో వారం తర్వాత మాట వచ్చినప్పుడు షరీఫ్ గోడవైపు తిరిగి ఒకే ఒక్క మాట అన్నాడు. "నువ్వు పిలిస్తేనే గదన్నా వచ్చినా." ఆ నెలలోనే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

స్మశానం మళ్ళీ పీరయ్య ఒక్కడిదే అయింది. కోరుకున్నది అదే. కానీ ఇప్పుడతను మూలకు వెళ్ళడం మానేశాడు. వేరే గోరీల రాళ్ళు నిలబెట్టి వెళ్తే, తెల్లవారేసరికి అవన్నీ పడిపోయి ఉండేవి. మూలవి మాత్రం నిటారుగా ఉండేవి.

తమ్ముడి గోరీ చూడవచ్చిన ఒక ముసలి పోలీసును అడిగాడు, ఆ మూలనున్నది ఎవరని. ముసలాయన అటు చూడకుండానే చెప్పాడు. అతను ఠాణా పెద్ద. తనకు నచ్చిన మనిషిని ఇంకొకరితో మాట్లాడనిచ్చేవాడు కాదట. ఇంటికి పోతానన్నవాణ్ణి అసలు పోనిచ్చేవాడే కాదట.

పీరయ్య ఆ రోజే తనను పనికి తెచ్చిన కఫీల్ కాళ్ళావేళ్ళా పడి సెలవు అడిగాడు. రెండు రోజుల్లో కాగితాలు వచ్చాయి. తనతో గదిలో ఉండేవాళ్ళకు కూడా చెప్పలేదు. మూటాముల్లె సర్దుకున్నాక ఇంటికి ఫోన్ చేశాడు. భార్య మునిరత్నమ్మ ఎత్తింది.

"సెలవు దొరికిందంట గదా," అంది, అతను నోరు విప్పకముందే.

ఎవరు చెప్పారని అడిగాడు.

"నీకు బాగా కావాల్సినాయనంట, ఎవరో పోలీసాయన. పొద్దున వచ్చినాడు. ఏం పెట్టినా తినల్యా. మన మనవరాల్ని ఎత్తుకొని వాకిట్లో నిలబడుండాడు. ఉండు, ఫోన్ ఇస్తా."

వద్దనబోయాడు పీరయ్య.

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. అవతల చంటిపిల్ల కిలకిలా నవ్వుతోంది... నవ్వుతోంది...

నవ్వు ఆగిపోయింది.