మొదటి బిందువు

రెండో శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీలో మనుషులకంటే కుక్కలే ఎక్కువ కనిపిస్తాయి. అవి కూడా పరీక్ష తప్పినవాళ్లలాగే నీడ దొరికినచోట పడి ఉంటాయి. ఎవరైనా వస్తే తలెత్తి చూసి, మనకెందుకులే అన్నట్టు మళ్లీ దించుకుంటాయి. గణిత విభాగం మెట్లమీద పడుకున్న మూడు కుక్కల్ని దాటుకుని పూర్ణిమ లోపలికి అడుగుపెట్టేసరికి రెండున్నర. సాయంత్రం అయిదింటికల్లా రికార్డు శశిభూషణ్ సారు గదిలో బల్లమీద ఉండాలి. లేకపోతే సోమవారం పరీక్షకు కూర్చోనివ్వరు.

పేపర్లన్నీ గట్టెక్కాయి. నాన్‌లీనియర్ ఆప్టిమైజేషన్ ఒక్కటే మిగిలింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. ఇది మూడోసారి, ఆఖరుసారి. ఇదీ పోతే ఎమ్మెస్సీయే పోతుంది. మగపిల్లాడు తప్పితే "ప్రిపేరవుతున్నాడు" అంటుంది లోకం. ఆడపిల్ల తప్పితే "ఇంకా అక్కడేం చేస్తున్నది?" అంటుంది. జనగామ దగ్గరి ఊరినుంచి వాళ్లమ్మ బుచ్చవ్వ ప్రతి ఆదివారం ఫోన్లో అడిగే ముక్క కూడా అదే. తార్నాకలో ఒక పాత అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, నాలుగో నంబరు గది. అక్కణ్ణుంచి క్యాంపస్‌కి, క్యాంపస్ నుంచి అక్కడికి. ఎక్కీ దిగీ ఆ మెట్ల లెక్క కూడా ఆమెకు నోటికొచ్చేసింది. అంతస్తుకు ఇరవై రెండు. గానుగెద్దుకైనా పొద్దుగూకితే కట్టు విప్పుతారు.

అట్లాగని అర్థంకాని పాఠమేమీ కాదు. శశిభూషణ్ సారు గోదావరి మనిషి, లెక్కనైనా కథలాగే చెబుతారు.

"కళ్లకు గంతలు కట్టి నిన్నో కొండమీద వదిలేశారనుకోమ్మా. కిందికి చేరాలి. ఏం చేస్తావు? పాదంతో తడిమి, వాలు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తావు. ఆ వాలు అయిపోయినచోట ఆగి మళ్లీ తడుముతావు. ఈసారి సరిగ్గా లంబకోణంలో మలుపు తిరుగుతావు. అలా కుడికో ఎడమకో తిరుగుతూ, ఒక్కో నడకా చిన్నదైపోతూ, చివరికి అట్టడుగుకు చేరతావు."

"అదే అట్టడుగని ఎట్ల తెలుస్తది సార్?" అని పూర్ణిమ అడిగింది ఆ రోజు.

"చుట్టూ ఎటు కాలు పెట్టినా ఎక్కుడే ఉంటే అదే అట్టడుగు అనుకుంటావు. కానీ అది కొండ మధ్యలో ఉన్న గుంత కావచ్చు. గుంతలో పడ్డవాడికి అదే లోకం తల్లీ. దిగడం తప్ప వేరే తెలియనివాడు అందులోంచి జన్మలో బయటికి రాలేడు."

రికార్డులో ఇరవై లెక్కలు. పంతొమ్మిది అయిపోయాయి. ఇరవయ్యోది ఉంది చూశారూ, అది లెక్క కాదు, వెట్టి. కొండమీద ఒక చోటు మొదటి బిందువుగా పెట్టుకుని, వరుస తర్వాత వరుస చేత్తో కడుతూ దిగాలి. నలభై వరుసలకు తక్కువ తెమలదు. అందుకే ఆ విభాగంలో ఒక ఆచారం పుట్టింది. మొదటి అంతస్తు లైబ్రరీ బీరువాలో 'తల్లి రికార్డు' అని ఒకటి ఉంటుంది. ప్రతి బ్యాచీ దాన్ని ముందు పెట్టుకునే ఇరవయ్యో లెక్క చేస్తుంది. ఒకటే నియమం. మొదటి బిందువు మాత్రం ఎవరికి వాళ్లు మార్చుకోవాలి. సారుకు దొరక్కుండా ఉండటానికని పిల్లలు అనుకుంటారు.

అటెండరు పేరయ్య బీరువా తెరిచి, అట్ట ఊడిన పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, వెంటనే వదల్లేదు.

"ఫస్టు పాయింటు మార్చు బిడ్డా. గదొక్కటి మర్వకు."

"అది మారిస్తే కింద ప్రతి అంకె మారుతది తాతా. నలభై వరుసలు మళ్ల కట్టాలె. అయిదింటికి అయితదా?"

"కాకుంటే ఫెయిలైతవ్. ఫెయిలైతే సస్తరా ఎవరన్న?"

"సావరు. మా అమ్మ సంపుతది."

పేరయ్య నవ్వలేదు. "మొగిలి అని ఒక పిల్లగాడు రాసిండు దీన్ని. పన్నెండేండ్లాయె. గీ గదిలనే కూసుండి రాసిండు. తాళమేద్దామని నేనొచ్చేసరికి బెంచి మీద సంచి ఉన్నది, బెంచి కింద చెప్పులున్నయి. పిల్లగాడు లేడు. బయటికి పోంగ చూసినోడు లేడు." తాళాల గుత్తి సర్దుకున్నాడు. "అయిదింటికి మూసేస్త. గంతల్ల రా."

అతను వెళ్లాక గది చప్పబడింది. బయట ముసురు పట్టింది. తడిసిన రాతిగోడల వాసన, చెదలు పట్టిన కాగితాల వాసన, వాటి అడుగున పాత సిరా వాసన. ఫ్యాను తిరుగుతోందో ఆగిందో తెలియనంత నెమ్మదిగా తిరుగుతోంది. పూర్ణిమ అలవాటుకొద్దీ చెప్పులు బెంచీ కింద విడిచి, తల్లి రికార్డు తెరిచింది.

మొదటి బిందువు: ఏడు, రెండు.

పెన్సిలుతో దాన్ని తన రికార్డులో వేసుకుంది. మార్చాలని రబ్బరు కూడా తీసుకుంది. గోడ గడియారం చూసింది. మూడుంబావు. రబ్బరు పక్కన పెట్టేసింది. సారు చూస్తే చూశారు. చూడకపోతే బతికిపోయినట్టే. నియమాలు పెట్టేవాళ్లకేం, నలభై వరుసలు కట్టేది వాళ్లా?

పైనున్న మొదటి బిందువును పెన్నుతో దిద్ది, కిందికి దించడం మొదలుపెట్టింది. మొగిలి రాత ముద్దుగా ఉంది, సీదాగా, చీమలబారులాగా. పదో వరుస దాటాక అక్షరాలు చిన్నవయ్యాయి. ఇరవై దాటాక ఇంకా చిన్నవి. ముప్పై దాటాక కళ్లు పుస్తకానికి ఆనించి చదవాల్సి వచ్చింది. అడుగు నిడివి గడిలో అంకె ప్రతి వరుసకూ సగమవుతోంది. నలభై ఒకటో వరుస సగంలో ఆగిపోయింది. ఆ సగమూ రాసుకుని, ఇక చాలనుకుని, తల్లి రికార్డు మూయబోయింది.

ఆగిపోలేదు.

నలభై ఒకటి పూర్తిగా ఉంది. కింద నలభై రెండు కూడా ఉంది.

ఇందాక లేదు కదా... వేలుపెట్టి చూసింది. వేలికి నీలం అంటుకుంది. సిరా తడిగా ఉంది.

పూర్ణిమ లేచింది. సంచి తర్వాత చూసుకోవచ్చు. తన రికార్డు చంకలో పెట్టుకుని, చేతిలో నీళ్లసీసాతో, చెప్పులైనా తొడుక్కోకుండా వసారాలోకి వచ్చింది. సారు గది కింద అంతస్తులో. వసారా చివర మెట్లు. నలభై అడుగులు వేస్తే వచ్చేస్తాయి.

నలభై అడుగులు వేసింది. మెట్లు లేవు. వసారా ఎడమకు తిరిగింది.

సరిగ్గా లంబకోణం.

భయంలో దారి తప్పాననుకుంది. రెండేళ్లుగా తిరిగే బిల్డింగులో దారి తప్పడానికి నేనేం కొత్త బిచ్చగత్తెనా అని తనను తనే తిట్టుకుంది. తిరిగింది. ఇరవై అడుగులు. కుడికి మలుపు. పది అడుగులు. కిటికీలు లేవు. వాన చప్పుడు వెనకెక్కడో ఉండిపోయింది. వట్టి పాదాలకు బండలు చల్లగా తగులుతున్నాయి. అప్పుడు తెలిసింది పాదాలకు... నేల వాలుగా ఉంది.

చేతిలోంచి సీసా జారింది. దొర్లింది. మలుపు తిరిగి దొర్లుకుంటూ పోయింది. దొర్లే చప్పుడు కాసేపు వినిపించి, ఠక్కున ఆగింది.

గోడకు తగిలి ఆగిన చప్పుడు కాదది. ఎవరో చేత్తో ఆపినట్టు.

ఫోను సంచిలోనే ఉండిపోయింది. కాళ్లు మాత్రం ఆగడం లేదు. వాలు ఎటు ఉంటే అటే పోతున్నాయి. ఎడమకు. అయిదు అడుగులు. కుడికి. రెండున్నర. రెండు భుజాలూ గోడలకు రాసుకున్నాయి. ముందు చీకటి. పాత సిరా వాసన.

"అక్కా..."

గుసగుస. చాలా దగ్గరనుంచి.

"ఎన్నో వరుస కాడ ఉన్నవ్?"

"ఎవరది?"

"ఇంక జరంతనే అక్కా. దిగు. వచ్చేసినం..."

"మొగిలీ?"

 ఊపిరి వినిపించింది. పన్నెండేళ్లుగా గుంతలో ఉన్నవాడి ఊపిరి. చంకలోని రికార్డు రెండో కొసను ఏదో పట్టుకుంది. తడిమి చూసింది. వేళ్లు. సన్నగా, చల్లగా... గోళ్ల నిండా తడి.

"నా జోలికి రాకు తమ్ముడూ... నేనేం చేసిన్రా నిన్ను?"

"నేను మొదలువెట్టిన కాన్నుంచే నువ్వు మొదలువెట్టినవ్. నేను దిగిన తొవ్వలనే దిగినవ్." గుసగుసలో కోపం లేదు, అదే భయంగా ఉంది. "మరి నా కాడికే గద వస్తవ్ అక్కా."

ముందుకు అరడుగు. అంతకంటే చోటు లేదు. ఇంకో పావు అడుగు. ఛాతీ ఒత్తుకుపోయింది. చుట్టూ పాదంతో తడిమింది. ఎటు పెట్టినా ఎక్కుడే. ఇదే అట్టడుగు. ఇక్కడే ఆగిపోవడం ఎంత సుఖం అనిపించింది ఒక్క క్షణం. ఎవరూ అడగరు. ఇంకెప్పుడైతదే అని అమ్మ కూడా అడగదు...

దిగడం తప్ప వేరే తెలియనివాడు.

ఆ మాట సారు గొంతుతో వినిపించింది. పూర్ణిమ మడమ వెనక్కి వేసింది. ఎక్కుడు. కొండంత బరువు. రికార్డు అవతలి చెయ్యి వదల్లేదు.

"ఇది ఇడిచిపెడితే ఫెయిలైతవ్ అక్కా," అంది గుసగుస, ఎంతో జాలిగా. "ఆఖరు సారి గదా."

రెండేళ్లు. బుచ్చవ్వ. ఆదివారాలు. అన్నీ ఆ రికార్డులోనే ఉన్నాయి.

వదిలేసింది.

వెనక్కి ఎక్కింది. పావు, అర, రెండున్నర. మోకాళ్లు కొట్టుకుపోయాయి. అయిదు. పది. ప్రతి మలుపు తర్వాతా దారి పొడవైంది. ఇరవై. నలభై. లైబ్రరీ తలుపు కనిపించింది. అక్కడ ఆగలేదు, దిగే మెట్లకోసం వెతకనూ లేదు. కిందికి దారి ఎక్కడుందో అక్కరలేదు, పైకే. డాబా మెట్లు ఎక్కింది. వానలో డాబా దాటి, అవతలివైపు ఉన్న ఇనుప నిచ్చెన దిగింది. కాలు మట్టిలో పడ్డాక గానీ ఏడుపు రాలేదు.

కుక్కలు లేచి నిలబడ్డాయి. దగ్గరికి రాలేదు.

పేరయ్య గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఆమె సంచి, ఆమె చెప్పులు.

"నాలుగింటికే పోయి చూసిన బిడ్డా. గదిల నువ్వు లేవు. గివే ఉన్నయి." సంచి, చెప్పులు ఆమె చేతికిచ్చాడు. "ఇగ అయిపోయిందనుకున్న." ఆమె వేలికంటిన నీలం చూశాడు. "మార్చలే?"

పూర్ణిమ తల అడ్డంగా ఊపింది.

"రికార్డేది?"

"పోయింది తాతా. పోతే పోనీ."

ఆ మాట అన్నాక గుండె తేలికైంది. తార్నాక దాకా వానలో నడిచే వచ్చింది. పరీక్ష లేదు, డిగ్రీ లేదు. అమ్మకు రేపు తనే ఫోన్ చేసి చెబుతుంది. తిడితే పడుతుంది. గదికి గొళ్లెం వేసుకుని మొద్దులా నిద్రపోయింది.

పొద్దున ఎనిమిదికి ఫోను మోగింది. శశిభూషణ్ సారు.

"ఏమ్మా పూర్ణిమా, శుభవార్త చెబుదామని చేశాను. నిన్న సాయంత్రం వచ్చి రికార్డులన్నీ హబ్సిగూడలో మా ఇంటికి తెచ్చుకున్నాను. నీది చూసి సంతకం పెట్టేశాను. రేపు పరీక్షకు వచ్చెయ్యి."

"నా... నా రికార్డా సార్?"

"నీదే. అయిదింటికల్లా బల్లమీద ఉంది. కాస్త తడిసింది గానీ, రాత ఎంత ముద్దుగా ఉందమ్మా! నలభై వరుసలు చాలంటే అరవై కట్టావు. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, ఆ పాత పుస్తకంలోని మొదటి బిందువు కొట్టేసి నీ సొంతది పెట్టుకున్నావు చూడు. మూడు, నాలుగు. ఎందుకు ఎంచుకున్నావోగానీ..."

ఆయన ఇంకా ఏదో అంటున్నారు. పూర్ణిమ తలుపువైపు చూసింది. మూడో అంతస్తు. నాలుగో నంబరు.

ఫోను మంచమ్మీద పడేసి బయటికి పరుగెత్తింది. ఆదివారం పొద్దు. కింద ఇంట్లో పోపు వేగుతున్న వాసన. రోడ్డుమీద మెట్రో పోతున్న చప్పుడు. అంతా మామూలే. మెట్లు దిగుతూ, వద్దనుకుంటూనే లెక్కపెట్టింది. ఇరవై... ఇరవై ఒకటి... ఇరవై రెండు. ఊపిరి పీల్చుకుంది. మలుపు తిరిగింది.

తొమ్మిది... పది... పదకొండు. సగానికే.

మలుపు.

మెట్రో చప్పుడు వినిపించడం లేదు. మలుపులో నేలమీద ఆమె నీళ్లసీసా నిలబెట్టి ఉంది. మూతమీద నీలం వేలిముద్ర. ఇంకా తడిగానే ఉంది.