ఐదు నిమిషాల పని

పిల్లి అడ్డంగా సాగింది.

ఆమె తుడిచేసి మళ్ళీ గీసింది. చేతి కింద ఉన్న డ్రాయింగ్ పలక మీద పెన్ను గుండ్రంగానే తిరిగింది. స్క్రీన్ మీద మాత్రం ఎవరో చెవులూ తోకా పట్టుకుని చెరో వైపుకీ లాగినట్టు, బంతిలా ఉండాల్సిన పిల్లి దోసకాయలా తయారైంది.

గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. సాయంత్రం ఐదింటికి పుస్తకం ప్రెస్సుకి చేరాలి. చేరకపోతే ప్రెస్సు వాళ్ళు మరో పని ఎక్కించుకుంటారు, ఈ ఏడాది జాబితాలోంచి ఈ పుస్తకం జారిపోతుంది. ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కథలకి బొమ్మలు వేసిన ఆమె, మొదటిసారి కథా బొమ్మా రెండూ తనవే అయిన పుస్తకం చేసింది. లోపలి పేజీలన్నీ సిద్ధం. అట్ట మీది పిల్లి ఒక్కటే మిగిలింది.

"పెంగ్విన్!" అని గట్టిగా కేకేసింది.

ఆ పిల్లల పుస్తకాల ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ మూడు నెలల కిందట విండోస్ తీసేసి లైనక్స్‌కి మార్చిన కుర్రాడికి ఆమె పెట్టిన పేరది. లైనక్స్ గుర్తు ఎలాగూ పెంగ్వినే. దానికి తోడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వస్తాడు.

అతను వచ్చిన మొదటిరోజే ఇద్దరికీ చెడింది.

"ఇందులో నా పాత సాఫ్ట్‌వేర్ ఏదండీ?"

"అది ఇందులో నడవదండీ. దానికి బదులు ఇంకోటి ఉంది."

"దానిలాగే ఉంటుందా?"

"దానికంటే బాగుంటుంది. అలవాటైతే."

"ఎప్పటికి అలవాటవుతుంది?"

"నాకు నాలుగేళ్ళు పట్టింది" అన్నాడు, నవ్వుతూ.

ఆ నవ్వుకే ఆమెకి ఒళ్ళు మండింది. నవ్వినప్పుడు బుగ్గ మీద సొట్ట పడటం చూసి ఇంకా మండింది.

ఇవాళ కేకేస్తే సొట్టా లేదు, మనిషీ లేడు. ప్రూఫులు దిద్దే బల్ల వెనకనుంచి బాబాయ్ తల ఎత్తాడు. నాన్నకి స్వయానా తమ్ముడు. ఆమెని ఈ ఆఫీసులో చేర్పించింది కూడా ఆయనే.

"అరవకే. అతను రాడు."

"సెలవా?"

"శాశ్వత సెలవు. రేపట్నుంచి రానక్కర్లేదని నిన్న సాయంత్రం మేనేజర్ మేడమ్ చెప్పేసింది. నువ్వు రాసిచ్చావుగా, పదిహేడు ఫిర్యాదులు!"

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది.

రాసిన మాట నిజమే. కంప్యూటర్ నిద్రపోతే లేవడం లేదని నాలుగోది. లేచినా వైఫై లేవడం లేదని ఐదోది. స్పీకర్లోంచి రావాల్సిన శబ్దం మానిటర్లోంచి వస్తోందని తొమ్మిదోది. ప్రింటర్ ముభావంగా ఉంటోందని పన్నెండోది. ఏదడిగినా నవ్వుతాడని పదిహేడోది.

"నేను రిపేరు చేయించమన్నాను బాబాయ్! మనిషిని తీసేయమన్లేదు."

"పెదవి దాటితే పృథివి దాటుతుందే తల్లీ. నువ్వు కాగితం మీద పెట్టి సంతకం కూడా చేశావు."

బాధపడటానికి టైము లేదు. ఆమె ఇంటర్నెట్లో వెతికింది. ఒక ఫోరంలో తొమ్మిదేళ్ళ కిందట ఎవరో అచ్చం ఇదే ప్రశ్న అడిగారు. ప్రాణం లేచొచ్చింది. కిందికి జరిపితే ఆ మహానుభావుడే, 'దొరికింది, సమస్య తీరింది, ధన్యవాదాలు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఏం దొరికిందో, ఎలా తీరిందో ఒక్క ముక్క లేదు.

బల్ల మీదున్న రెండు స్క్రీన్లలో రెండోదాని వైరు పీకి చూసింది. మొదటి స్క్రీన్ కూడా నల్లబడింది. గబుక్కున వైరు మళ్ళీ తగిలించింది. స్క్రీన్లు రెండూ వెలిగాయి కానీ పిల్లి ఇంకొంచెం లావెక్కింది.

ఇలా కుస్తీ పట్టేసరికి పన్నెండున్నర దాటింది.

"ఫోన్ చెయ్యి" అన్నాడు బాబాయ్, కాగితం మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఏ మొహం పెట్టుకుని?"

"ఫోన్లో మొహం కనబడదుగా!"

రెండో రింగుకే ఎత్తాడు. వెనక ఎక్కడో హారన్లు మోగుతున్నాయి.

"ఆర్టిస్టు గారూ! పిల్లి సాగుతోందా?"

"మీకెలా తెలుసు?"

"ఇవాళ కంప్యూటర్ నేను కాక మీరే ఆన్ చేసుంటారు కాబట్టి. మీ పలక రెండు స్క్రీన్ల మీదా పరుచుకుంటోంది. దాన్ని ఎడమ స్క్రీన్‌కి కట్టేయాలి. ఆన్ చేసిన ప్రతిసారీ చెయ్యాలి."

"మరి ఇన్నాళ్ళూ బాగానే ఉందే?"



"ఉండేది" అన్నాడు ముక్తసరిగా. "హోమ్ ఫోల్డర్ తెరవండి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. దాచిన ఫైళ్ళు బయటికొస్తాయి. పేరు ముందు చుక్క పెడితే లైనక్స్‌లో ఫైలు కనబడదు."

నొక్కింది. ఖాళీ చోట్లలోంచి బిలబిలమంటూ పాతిక ఫైళ్ళు బయటపడ్డాయి. "వీటి మధ్య 'ఉదయం' అని ఒకటుంది" అంది.

"అదే. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరిచి, అందులో ఆ పేరు కొట్టి రన్ చేయండి. మీ పాస్‌వర్డ్ అడుగుతుంది."

"అడిగింది. కానీ కీబోర్డు చచ్చిపోయింది! ఎంత కొట్టినా ఏమీ పడట్లేదు."

"పడుతోంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా కనబడదు. దాని పద్ధతి అంతే. లోపల తీసుకుంటుంది, పైకి తెలియనివ్వదు."

"ఎవరి దగ్గర నేర్చుకుందో! సరే, కొట్టాను."

"ఇంకో మాటండీ" అతని గొంతు మారింది. "ఆ ఫైలు రన్ చేయండి చాలు. తెరవకండి."

"తెరిస్తే చెడిపోతుందా?"

"చెడిపోదు... చదవకండి, అంతే. బస్సులో సిగ్నల్ పోతోంది. ఉంటాను."

ఫోన్ కట్టయింది.

ఆమె ఎంటర్ కొట్టింది. పెన్ను తిప్పింది. గుండ్రంగా, నిండుగా, బొద్దుగా పిల్లి వచ్చి కూర్చుంది. మూలనున్న ప్రింటర్ కూడా గుర్రుమని నిద్ర లేచింది. ఆమె కుర్చీలోనే ఎగిరి గంతేసింది.

ఇక బుద్ధిగా బొమ్మ వేసుకోవాలి. టైము ఒంటి గంట. కానీ చదవొద్దన్న ఫైలు కళ్ళెదుట ఉంటే ఏ ఆడపిల్ల చేతులు ముడుచుకుని కూర్చుంటుంది? మగపిల్లాడైనా కూర్చోడు.

తెరిచింది.

అందులో కమాండ్లు కొన్ని, మాటలు ఎక్కువ. లైను ముందు నిలువూ అడ్డం గీతల గుర్తు పెడితే ఆ లైనుని మెషిన్ వదిలేస్తుందనీ, అది మనుషులు గుర్తు కోసం రాసుకునేదనీ ఒకసారి అతనే చెప్పాడు. ఇక్కడ ఆ గుర్తులు బారులు తీరి ఉన్నాయి.

# పలకని ఎడమ స్క్రీన్‌కి కట్టాలి. లేకపోతే అరుస్తుంది.

# అరిచినా బాగుంటుంది. అయినా కట్టాలి.

# పెన్ను ఒత్తిడి తగ్గించాలి. ఆమె చెయ్యి చాలా తేలిక. అందుకే గీత ఊపిరి తీస్తున్నట్టుంటుంది.

# మూడు దాటితే స్క్రీన్ వెలుగు తగ్గాలి. ఆ టైముకి కళ్ళు నలుపుకుంటుంది.

# ప్రింటర్‌ని లేపాలి. ఇవాళ చెప్పేద్దామని వచ్చాను. ప్రింటర్ అడ్డొచ్చింది.

# ఇవాళ ప్రింటర్ అడ్డు రాలేదు. ధైర్యం రాలేదు.

ఆమె చెవులు వేడెక్కాయి. బాబాయ్ వైపు దొంగచూపు చూసి కిందికి జరిపింది. చివరి లైను దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

# ఇదంతా ఆటోమేటిగ్గా నడిచేలా పెట్టొచ్చు. ఐదు నిమిషాల పని. పెట్టను. పెడితే పొద్దున్నే ఆ కుర్చీ దగ్గరికి రావడానికి నాకు కారణం ఉండదు.

ఒకసారి చదివితే గుండె పొంగింది. రెండోసారి చదివితే రక్తం పొంగింది.

వెంటనే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"బస్సులోనే. వేరే ఆఫీసువాళ్ళు రమ్మన్నారు, మూడింటికి..."

"దిగండి."

"అయ్యో, ఇంకా సాగుతోందా?"

"పిల్లి బాగానే ఉంది. నేను బాలేను. పద్దెనిమిదో ఫిర్యాదు ఒకటుంది. అది కాగితం మీద రాసేది కాదు. ఎదురుగా నిలబడి వినాలి."

అవతల నుంచి "తెరిచారా?" అన్న నీరసమైన గొంతు. ఆ వెనకే, "ఆపండి, ఆపండి! దిగాలి!" అని డ్రైవర్‌కి వేసిన కేక.

బయట ఉన్నట్టుండి వాన మొదలైంది.

అతను ఆఫీసు తలుపు తోసుకుని వచ్చేసరికి నాలుగూ ఇరవై. వానకి బస్సులు ఆగిపోతే సగం దారి పరుగెత్తాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళజోడు మసకబారింది. చేతులు అలవాటుగా వెనక్కే ఉన్నాయి.

"అక్కడే నిలబడండి" అంది ఆమె, తల తిప్పకుండా. "కీబోర్డు ముట్టుకోవద్దు. నా పుస్తకం నేనే పంపిస్తాను."

పిల్లికి చివరి మీసం గీసింది. సేవ్ చేసింది. పీడీఎఫ్ చేయమంటే పేజీలో అక్షరాలు మాయమై వాటి చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. అతను ఒక అడుగు ముందుకేశాడు.

"ఊఁ!" అంది ఆమె.

అడుగు వెనక్కి వెళ్ళింది. "ఫాంట్... ఫాంట్ లోపల పొదగమనే గడి ఒకటుంటుంది..." అన్నాడు అక్కణ్ణుంచే.

"కనబడింది."

టిక్కు పెట్టింది. అక్షరాలు వచ్చేశాయి. నాలుగూ నలభై. ఫైలు పంపడం మొదలైంది. అరవై శాతం... డెబ్బై ఎనిమిది... అక్కడ ఆగింది. బాబాయ్ ప్రూఫులు వదిలేసి వెనకొచ్చి నిలబడ్డాడు. తొంభై ఒకటి. నూరు.

నాలుగూ యాభై రెండుకి ప్రెస్సు నుంచి జవాబు: 'అందింది.'

అప్పుడు కుర్చీ తిప్పింది ఆమె. అతని గుండె పెంగ్విన్‌లా కాదు, గుర్రంలా పరుగెత్తింది.

"ఐదు నిమిషాల పని" అంది.

"అవునండీ."

"మూడు నెలలు చెయ్యలేదు."

"లేదండీ."

"మీరు పొద్దున్నే రావడానికి సాకు కావాలని నా ఆరేళ్ళ కష్టాన్ని మీ చేతిలో పెట్టుకున్నారు. ఇవాళ మీరు ఫోన్ ఎత్తకపోయుంటే నా పుస్తకం ఏమయ్యేది?"

అతను నవ్వలేదు. "పోయేది. తప్పు నాదే. దానికి ఇంకో పేరు లేదు." కళ్ళజోడు తీసి తడి చొక్కాకే తుడుచుకున్నాడు. "మీరు రాసిన పదిహేడూ నిజమే. వాటిలో సగం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. మేడమ్‌కి కూడా ఈ మాట చెప్పే వెళ్తాను."

"ఏం చెప్తారు?" అన్న గొంతు గుమ్మంలోంచి వచ్చింది. మేనేజర్ మేడమ్. ఆవిడ అడుగుల చప్పుడుకి ప్రింటర్ కూడా సద్దుమణుగుతుందని ఆఫీసులో అందరూ అంటారు.

అతను చెప్పాడు. చేయాల్సిన పని చేయలేదనీ, కావాలనే చేయలేదనీ, దానివల్ల ఇవాళ పుస్తకం పోబోయిందనీ.

"కావాలనే? కారణం?"

అతను నేల చూశాడు. ఆమె కిటికీ చూసింది. బాబాయ్ మాత్రం రెండో స్క్రీన్ మీద ఇంకా తెరిచే ఉన్న ఆ ఫైలు చూశాడు. ఎదుట అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు ఆయనది. నలభై ఏళ్ళ జబ్బు. ముక్కు మీదికి కళ్ళజోడు దించుకుని, పై నుంచి కింది దాకా పైకే చదివేశాడు. 'ధైర్యం రాలేదు' దగ్గర కాస్త ఆగి మరీ చదివాడు.

"బాబాయ్!"

"ఉండవే." ఆయన చెవి మీంచి ఎర్ర పెన్ను తీశాడు, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "నలభై ఏళ్ళుగా దిద్దుతున్నాను మేడమ్. ఇందులో దిద్దాల్సింది ఒక్క ముక్క లేదు. ఏమయ్యా, ఆదివారం మా అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. సాకు వెతుక్కోకుండా వచ్చెయ్."

మేడమ్ మొహంలో మొదటిసారి ఒక గీత వంకర తిరిగింది. నవ్వే అయ్యుండాలి.

"మీ ప్రేమకి నా ప్రింటర్ బలి కావడానికి వీల్లేదు" అంది. "రేపట్నుంచి రండి. ఒక్క షరతు. తనంతట తాను నడిచేదేదీ ఇక చేత్తో నడపకూడదు. ముందు ఆ ఐదు నిమిషాల పని, నా కళ్ళెదుట."

అతను తడి చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆమె పక్కనే నిలబడి టైము చూసింది. నాలుగు నిమిషాలే పట్టింది.

"అయిపోయింది" అన్నాడు. గొంతులో దిగులు దాగలేదు. "ఇక పొద్దున్నే నాతో పని లేదు."

"పద్దెనిమిదోది ఇంకా చెప్పనేలేదు" అంది ఆమె, వాళ్ళిద్దరికే వినబడేంత మెల్లగా. "అంత మాట మెషిన్ చదవని చోట రాశారు సరే. మనిషి చదివే చోట ఎందుకు చెప్పలేదు?"

"చదివారుగా. జవాబు?"

"నేను ఫైళ్ళు దాచుకోను. నా మొహంలో కనబడట్లేదా?"

అతను చూశాడు. కనబడింది. బుగ్గ మీద సొట్ట పడింది, ఈసారి ఆమెకి ఒళ్ళు మండలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకే ఆమె ఆఫీసులో ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి, పెన్ను తిప్పింది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే గీత గుండ్రంగా వచ్చింది.

వెనక అడుగులో అడుగేసుకుంటూ ఎవరో వచ్చి ఆగారు.

"ఏం పాడైందని వచ్చారు?"

"ఏమీ పాడవలేదు."

"ప్రింటర్?"

"మేలుకునే ఉంది."

"వైఫై?"

"బ్రహ్మాండం."

"మరి?"

"ఊరికే."

ఆమె పక్క కుర్చీ మీదున్న కాగితాల దొంతర రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టింది.

"కూర్చోండి" అంది.