తుడిచిన జాగా

తెల్లారేసరికి రేవు వీధిలో తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. పొయ్యిలు వెలిగాయి. ఎవరు ఏ మాత్ర వేసుకోవాలో గోడలు గుర్తు చేశాయి. ఓలేటి సత్యవేణి మాత్రం తలుపు సందులో ఇనుప కడ్డీ దూర్చి, భుజంతో తోసి బయటికి వచ్చింది. ఏడాదిగా ఆమె ఇంటి నీడయంత్రం నిలిపేసి ఉంది.

నీడయంత్రం కంటికి కనిపించే వస్తువు కాదు. కాకినాడ శివార్లలో నిధికేంద్రం ఉంది. అక్కడి చల్లటి హాళ్ళలో, వేలాది డిస్కుల మీద, ఇంటికొక యంత్రం ఉన్నట్టే నడుస్తూ ఉంటుంది. తలుపూ పొయ్యీ మందులూ, చివరికి మనుషులు దాచుకునే మాటలూ దాని చేతిలోనే. బతికినన్నాళ్ళూ సరిపోయే జాగా ఇస్తామని కేంద్రం ప్రతి ఇంటికీ రాసిచ్చింది. ఇచ్చింది మాత్రం ఎవరెంత వాడితే అంతే. అందరూ ఒక్కసారిగా అడగరులే అన్న ధీమాతో ఒకే జాగాను పదిమందికి చూపించింది. ఇప్పుడు డిస్కులు నిండిపోతున్నాయి.

ఆ ఉదయం కేంద్రం నుంచి ఒక ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పేరు నజీమా.

"సత్యవేణి గారూ, జాగా వాపసు కోసం వచ్చానండీ. మీరు తుడిచేసినవాటి చోటు ఖాళీగానే ఉన్నా, మా లెక్కలో ఇంకా నిండుగానే కనిపిస్తోంది. ఏది తుడిచారో మీ యంత్రానికే తెలుసు, మాకు తెలీదు. ఒకసారి దాన్ని నడిపించి, ఆ చోటంతా సున్నాలతో నింపితే మేం వెనక్కి తీసుకుంటాం. మీరు వేలిముద్ర వేస్తే చాలు."

"వెయ్యను."

"ఖాళీ జాగాయే కదండీ!"

"ఖాళీ అని ఎవరు చెప్పారు? తుడిస్తే పేరే పోతుంది, సరుకు అక్కడే ఉంటుందని మీ కేంద్రంవాళ్ళే అన్నారు. నా చెల్లెలి గొంతు ఉందమ్మా అందులో."

చెల్లెలు రత్నవేణి, సముద్రాన్ని ఆపే కడలిగోడ కింద మునిగి, పగుళ్ళు పూడ్చే పనికి కుదిరింది. వద్దంది సత్యవేణి. మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రం కోపం పట్టలేక సత్యవేణి, చెల్లెలు పంపిన మాటలన్నీ, చిన్నప్పటి నుంచీ దాచినవన్నీ, తుడిచిపారేసింది. నెల తిరక్కుండానే గోడ అడుగున తూము కూలింది. రత్నవేణి పైకి రాలేదు.

ఆ మాటలు తవ్వి తీసివ్వమని సత్యవేణి కేంద్రం చుట్టూ తిరిగింది. మీ ఇష్టంతోనే తుడిచారు కదా అన్నారు. కొత్తగా ఏది రాసినా అది చెల్లెలి మాటల మీదే పడొచ్చని తెలిశాక ఆమె యంత్రాన్నే ఆపేసింది. అప్పటి నుంచీ తలుపుకు కడ్డీ, వంటకు కట్టెలు.

ఈ మాటలు వింటూ పక్కింటి వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నీడయంత్రం నడిపే ఊపిరి యంత్రం మీద ఉన్నాడు.

"నీ మొండితనంతో డిస్కులు నిండిపోతే మా ఆయన యంత్రం ఆగిపోదా? పోయినదాని కోసం ఉన్నవాణ్ణి చంపుతావా సత్యవేణీ?"

సత్యవేణి మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి పనిముట్ల సంచీ తెచ్చింది. ఆమెది కడలిగోడ పంపుల మీద పని. వరహాలమ్మ ఇంట్లో ఊపిరి యంత్రం వెనక మూత విప్పి, నీడయంత్రానికి పోయే తీగ తప్పించి, చేత్తో తిప్పి ఊపిరి వేగం సర్దుకునే మీట బిగించింది. యంత్రం ఒక్క క్షణం తడబడింది. అంతలో అది గుర్రుమంటూ మళ్ళీ అందుకుంది.

"ఇక దీనికి వాళ్ళతో పని లేదు వదినా. ఈ మీట ఎలా తిప్పాలో నేర్పుతాను. అడగాల్సింది నన్ను కాదు, లేని జాగా రాసిచ్చినవాళ్ళని."

వరహాలమ్మ మంచం అంచున కూలబడింది. భర్త కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆమె, వెంట వచ్చిన నజీమా వైపు తిరిగింది.

"అమ్మాయీ, తుడిచినవి నిజంగా ఇంకా ఉంటాయా?"

"మీద ఏదీ రాయకపోతే ఉంటాయండీ."

"ఈయన పాడిన పాటలు... వింటుంటే ఏడుపాగక నేనే తుడిచేశాను. నేనూ వేలిముద్ర వెయ్యను. ఫో, వెళ్ళి చెప్పు మీవాళ్ళకి!"

మధ్యాహ్నానికి ఆ సంగతి వీధంతా పాకింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి తుడిచి ఉన్నారు. విడిపోయిన భార్య నవ్వు, సిగ్గుపడి చెరిపేసిన ప్రేమ మాటలు, పుట్టి బతకని బిడ్డ మొదటి ఏడుపు. తుడిచిన చేతులే ఇప్పుడు అడ్డం పడ్డాయి. కేంద్రం వీధికి సేవలు కట్ చేసింది. తలుపులు బిగుసుకున్నాయి. సత్యవేణి కడ్డీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి తెరిచింది. ఊపిరి యంత్రం ఉన్న ప్రతి ఇంట్లోనూ మీట బిగించింది. మర్నాడు పక్క వీధి, తర్వాత జగన్నాథపురం, ఆ తర్వాత ఊరు ఊరంతా వేలిముద్ర వెయ్యనని మొండికేసింది. వద్దని చెరిపేసినదాన్ని మనిషి కాపలా కాస్తాడన్న ఊహే కేంద్రం లెక్కల్లో ఎక్కడా లేదు. వారం తిరక్కుండా కేంద్రం దిగి వచ్చింది. ముందు తవ్వి ఇస్తాం, ఆ తర్వాతే వాపసు అంది.

తవ్వడానికి నజీమాయే వచ్చింది. చాలాసేపు పనిచేసి తల వంచుకుంది.

"చాలావరకు పోయిందండీ. మీరు యంత్రం ఆపేలోపే పంపుల సమాచారం, వాన కబుర్లు మీద పడిపోయాయి. ఒక్క ముక్క మిగిలింది. అది... వింటారా?"

"పెట్టు."

గదిలో రత్నవేణి గొంతు భగ్గుమంది. "అక్కా, నీళ్ళంటే నీకు భయం. ఆ భయం నాకు అంటించకు! నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తే నీ మొహం చూడను. నీకెంత పొగరంటే..." అక్కడితో తెగిపోయింది.

నజీమా కంగారుగా ఏదో అనబోయింది. సత్యవేణి కళ్ళు తుడుచుకోలేదు.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ విన్నది. మళ్ళీ. వరహాలమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చివరికి నజీమా నెమ్మదిగా వేలిముద్ర వేసే పలక ముందుకు జరిపింది.

"ఈ ముక్కకు వేరే నకలు తీసి పెట్టానండీ. ఇక వేలిముద్ర..."

"జాగా ఇవ్వను. బతికినన్నాళ్ళకూ సరిపడా రాసిచ్చారుగా? అంతా వాడతాను. నా యంత్రం నడిపించు."

ఏడాదిగా ఆగిపోయిన ఆ ఇంట్లో దీపాలు మళ్ళీ వాటంతటవే వెలిగాయి. సత్యవేణి తన మాటలు దాచమని యంత్రానికి చెప్పి, నడుముకు కొంగు బిగించి, గొంతు సవరించుకుంది.

"ఒసేయ్ రత్నం, పొగరు నాకా? ఇప్పుడు నేను చెప్తాను, విను..."