మూడో కాపీ

"మీ అక్క ఏ పాపం ఎరగదని చెప్పే ఒకే ఒక్క ఫోటో ఈ మధ్యాహ్నం పన్నెండుకి మాయమవుతుందట. ఎలాగో, ఎవరి చేతో తెలీదు," అన్నాడు చీఫ్.

ఏజెంటు గడియారం చూశాడు. పదకొండు.

అక్కదీ ఇదే డిపార్ట్‌మెంటు. పదిహేనేళ్ళ కిందట రేవులో క్షిపణి ప్లాన్లు శత్రువులకి అందించిందని ఆర్నెల్లుగా జైల్లో ఉంచారు. ఆ రోజు నిఘా కెమెరా తీసిన ఫోటో చూడండి మొర్రో అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. దాని నంబరు నిన్ననే దొరికింది. విచారణ రేపే.

అరగంటలో అతను ఏసీ మెకానిక్ వేషంలో ఆ ఫోటో దాచిన చిత్ర భాండాగారంలో దిగాడు. గార్డు టూల్‌బాక్సు రెండుసార్లు ఎందుకు చూశాడు? ఊడ్చే మనిషికి అంత కొత్త బూట్లెందుకు? అనుమానం అతనికి ఒంట్లో రక్తం. సర్వర్ల గదిలో లావుపాటి కళ్ళద్దాల ఆర్కైవిస్టు ఎదురయ్యాడు.

"తేమ ఎంతుంది?"

"నలభై శాతం," అన్నాడు ఆయన. కోడ్ సరిపోయింది.

ఆయన వెనకాలే సెంటు వాసన, ఎత్తు మడమలు, చక్కటి నవ్వు. డిజిటల్ పరిరక్షణ కన్సల్టెంటు. మనకి రహస్యాలు మోసే మనిషే గానీ, ఇంకెవరికి మోస్తోందో తేలలేదని చీఫ్ ముందే హెచ్చరించాడు. ఏసీ బాగుచేయమని చెప్పి ఆమె బయటికి వెళ్ళింది.

ఆర్కైవిస్టు పద్ధతంతా వివరించాడు. ప్రతి ఫోటోకీ మూడు కాపీలు. రెండు డిస్కుల మీద, ఒకటి టేపు మీద. ప్రతి నెలా ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండుకి మెషీనే మూడిటినీ పోల్చి చూస్తుంది. రెండు కలిసి, మూడోది తేడాగా ఉంటే మూడోదాన్ని చెరిపి సరిచేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఫోటో పాడవలేదని ఆయన మురిసిపోయాడు.

ఇవాళ ఒకటో తారీఖు.

ఏజెంటు డిస్కుల్లోని రెండు కాపీలూ తెరిపించాడు. రేవు, పడవలు, అన్నీ స్పష్టం. ప్లాన్లు అందిస్తున్న మనిషి ముఖం మాత్రం రెండిట్లోనూ మసక.

"రెండూ ఒకేలా ఉన్నాయిగా, ఇంకేం భయం?" అన్నాడు ఆర్కైవిస్టు.

"ఆ రెండూ అబద్ధమైతే?"

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గబగబా టేపు కాపీ తెరిచాడు. స్క్రీన్ మీద ప్లాన్లు అందిస్తూ ఓ పడుచుపిల్ల. అదే చక్కటి నవ్వు. దూరంగా అక్క, ఖాళీ చేతులతో. ఏజెంటుకి ఏడుపు ముంచుకొచ్చింది.

"దొంగలెందుకు, మీ మెషీనే చెరిపేస్తుంది," అంది వెనకనుంచి కన్సల్టెంటు. చేతిలో లిప్‌స్టిక్కంత పిస్తోలు. "కదలకండి. ఒక్క నిమిషం."

టైము పదకొండూ యాభై తొమ్మిది. ఏజెంటు బుద్ధిగా చేతులెత్తాడు. ఎత్తుతూనే బొటనవేలితో స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. గది నిండా తెల్లటి పొగ. తూటా ఏసీకి తగిలింది. అతను నేలమీద పాక్కుంటూ వెళ్ళి టేపు మెషీను మీట నొక్కాడు. టేపు బయటికి రావడం, పన్నెండు కొట్టడం ఒక్కసారే జరిగాయి. స్క్రీన్ మీద అక్షరాలు వెలిగాయి: 'మూడో కాపీ అందుబాటులో లేదు. పని రద్దు.'

పొగలో దారి తెలియక తలుపు అనుకుని అలమారాలోకి దూరిన కన్సల్టెంటుని ఆర్కైవిస్టే తాళం వేసి పట్టించాడు.

మర్నాడు కోర్టు అక్కని విడుదల చేసింది. ఏజెంటు ఆ ఫోటో పెద్దది చేయించి చేతిలో పెడితే, ఆవిడ కళ్ళు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, పదిహేనేళ్ళు ఇంత భద్రంగా దాచారు సరే. నా కళ్ళు మూసుకుపోనిది ఒక్కటైనా తీయలేదేంట్రా?"