వెనక్కి తిప్పిన పాట

శనివారం పొద్దున్నే ఆత్మకూరులోని ఆ ఇంట్లో వంటగదిలో ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతుంటే, వసారాలో ఎలక్ట్రిక్ గిటారు గుక్కపట్టి ఏడుస్తోంది. రికార్డు మీది ముల్లు ఎగిరిపోకుండా దాని తల మీద పావలా బిళ్ళ పెట్టి, రికార్డు ప్లేయరు ముందు బాసింపట్టు వేసుకుని, సారా కళ్లు మూసుకుని వింటోంది.

డిగ్రీ చదివే ఆ పిల్లకు రాక్ పాటలంటే ప్రాణం. ఉదయగిరి మిషన్‌లో పనిచేసిన దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ, కొడుకుల రికార్డులూ ప్లేయరూ సారా తల్లి లిదియమ్మకు ఇచ్చిపోయింది. మిగతావి సారా నెల్లూరు పాత సామాన్ల అంగళ్లలో ఏరుకుంది. ఏ రికార్డు మీద ఎక్కడ గీత ఉందో, ఏ పాటలో డ్రమ్ము ఆగి మళ్లీ విరుచుకుపడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

చర్చి నుంచి వచ్చిన డేవిడ్‌రాజు మాస్టారు చెప్పులు కూడా విప్పకుండా కూతురి ముందు నిలబడ్డాడు. బడిలో హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. రెండుచోట్లా ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"ఆపు దాన్ని. సాయంత్రం ఉజ్జీవ కూటంలో చెడ్డ వస్తువులన్నీ తెచ్చి కాలుస్తారు. మన ఇంట్లోంచి ఈ పెట్టె పోవాల. సంఘం తరపున మాల్యాద్రి వస్తాడు తీసకపొయ్యేదానికి."

సారా పక్కనున్న రికార్డుల పెట్టెను దగ్గరికి లాక్కుంది. కాలిపోతే మళ్లీ దొరికేవి కావు.

"నా రికార్డులు ఏం పాపం చేసినాయి నాయనా?"

"వీటిని వెనక్కి తిప్పితే సాతాను గొంతు వినబడతాదంట. రాత్రి ప్రసంగంలో చెప్పినారు. పెద్దను నేను, నా ఇంట్లోనే ఇవి పెట్టుకుంటే సంఘం ముందర ఏం మొగంతో నిలబడేది?"

"నువ్వు విన్నావా ఆ గొంతు?"

"ఇప్పుడే వింటా. నువ్వూ విను."

ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి, జుట్టు విరబోసుకున్న మగాళ్ల పక్కన పుర్రె బొమ్మ ఉన్న అట్టను ఎంచి, అందులోని రికార్డును బయటికి లాగాడు.

"నాయనా, అది..."

"నోరెత్తబాక."

వంటగది గుమ్మంలోకి వచ్చిన లిదియమ్మ, ఊరుకోమన్నట్టు కూతురి వైపు చూసింది.

డేవిడ్‌రాజు తిరుగుతున్న పళ్లెం ఆపి, దాని మీదున్నది తీసి, ఈ రికార్డు పెట్టి, ముల్లు దించి, వేలితో వెనక్కి తిప్పాడు. స్పీకరులోంచి ఒక మూలుగు బయటికొచ్చింది. ఈడ్చినట్టు, ఎవరో ఎవరి పీకో పిసుకుతున్నట్టు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"విన్నారా? ఇది మనిషి గొంతేనా? దయ్యం గాకపోతే ఏంది? ఈ గొంతు నా ఇంట్లో ఉండేదానికి లేదు."

"అది నా గొంతండీ," అంది లిదియమ్మ.

మెడకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమె మాట బొంగురుగా, సగం గాలిగానే వస్తుంది. ఆయన ఇంకా రికార్డు వంకే చూస్తుంటే, సరిగా వినబడలేదనుకుంది.

"పెళ్లికి ముందు ఉదయగిరిలో మా క్వయరు పాడిన కీర్తన. దాని అట్ట చెదలు తినేస్తే పిల్ల ఇందులో పెట్టి దాచింది. ముందుకు తిప్పి చూడండి."

సారా ప్లేయరు వేసింది. హార్మోనియం మోగింది. ఆ వెనకే, ఇరవయ్యేళ్ల పిల్ల గొంతు నిండుగా పైకి లేచింది.

ఆ గొంతు కోసమే ఒకప్పుడు డేవిడ్‌రాజు ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ ఉదయగిరి వెళ్లేవాడు. చేసుకుంటే ఆ పాడే పిల్లనే చేసుకుంటానని ఇంట్లో అలిగి కూర్చున్నాడు. ఆత్మకూరుకు ఇల్లు మారినప్పుడు ఆ రికార్డు పోయిందనుకుని మరిచిపోయాడు. ఇప్పుడు లిదియమ్మ చర్చిలో పెదవులు మాత్రం కదుపుతుంది. గొంతు పోయినందుకు నీకేమనిపిస్తోందని ఆయన ఒక్కనాడూ అడగలేదు.

పాట ముగిసేసరికి ఆయన ప్లేయరు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నీ గొంతును దయ్యమన్నానే లిదియా."

"వెనక్కి తిప్పితే ఎవురిదైనా అంతే గదండీ."

"సాయంత్రం మంటలో ఏసుంటే..." అంటూ భార్య చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.

గేటు చప్పుడైంది. "మాస్టారూ, పెట్టె ఇస్తారా?" అన్నాడు మాల్యాద్రి.

డేవిడ్‌రాజు కళ్లు తుడుచుకున్నాడు. "మా ఇంట్లో కాల్చేవి ఏం లేవు అబ్బయ్యా."

"కూటంలో అడిగితే ఏం చెప్పమంటారు?"

"నువ్వేం చెప్పబాక. అందరి ముందర నేనే చెబుతా, నేనేం విన్నానో."

మాల్యాద్రి వెళ్లాక ఆయన ఇందాక సారా వింటున్న రికార్డు తీసి భుజం మీది తువ్వాలుతో తుడవబోయాడు.

"దాంతో కాదు నాయనా, గీతలు పడతాయి," అని సారా మెత్తటి గుడ్డ ఇచ్చింది.

ఆయన బుద్ధిగా తుడిచి, రికార్డు పెట్టి, ముల్లు మీది పావలా సర్ది దించాడు. గిటారు మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఏందే, వీడింత బాధ పడతన్నాడు?"

"ఓపిక పట్టు. ఇప్పుడు డ్రమ్ము వస్తాది."

వచ్చింది. డేవిడ్‌రాజు చెప్పు కాలు తనకు తెలియకుండానే ఆడింది. లిదియమ్మ ఆయన పక్కన కూర్చుని, ఆయన చెప్పులు విప్పి అవతల పెట్టి, ఆపరేషన్ తర్వాత మొదటిసారి, ఆ బొంగురు గొంతుతోనే సన్నగా కూనిరాగం తీసింది. ఆయన కదలకుండా విన్నాడు.