వద్దన్న రొట్టె

"సంచేదీ?" అంది ఫ్లోరిందా, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"తేలేదు" అన్నాడు వాల్దెమార్, జుట్టులో వాన నీళ్ళు దులుపుకుంటూ.

"మరి రొట్టె నెత్తిన పెట్టుకుపోతావా?"

"రొట్టె వద్దు."

ఫ్లోరిందా నవ్వు ఆగిపోయింది.

సకల పునీతుల పండగ నాడు వాళ్ళ ఊళ్ళో బాప్తిస్మంలో తల్లిగా నిలబడ్డ జ్ఞానతల్లి తన జ్ఞానపిల్లలకి సోంపు వేసిన పొడుగు రొట్టె ఇస్తుంది. పెళ్ళి కుదిరేదాకానే. వద్దన్నాడంటే కుదిరినట్టే! బేకరీ జుల్మీరా వీళ్ళిద్దరికీ జ్ఞానతల్లి, పైగా ఫ్లోరిందాకి సొంత పిన్ని. మీసాలొచ్చినా సంచి పట్టుకుని చిన్నపిల్లల వెనక నిలబడే వాల్దెమార్‌ని ఏటా ఏడిపించడం ఫ్లోరిందాకి పండగలో సగం. అతని రొట్టె మాత్రం పిన్నిని ముట్టుకోనివ్వదు, తనే కలిపి తనే కాలుస్తుంది. ఆ సంగతి అతనికి తెలియదనే ఆమె నమ్మకం.

"ఓహో! మందుల షాపు వాళ్ళ అమ్మాయేనా? ఊరంతా అనుకుంటూనే ఉన్నారులే."

"ఆ పిల్లకి నేనంటే తుమ్ములొస్తాయి. పిండిమరలో నా ఒంటికంటే పిండి పడదట."

"మరెవరు?"

"ఇంకా అడగలేదు."

"అడక్కుండానే రొట్టె వద్దంటావా? బుద్ధుందా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఆ పిల్ల కాదంటే?"

"వచ్చే ఏడు సంచి తెచ్చుకుంటా."

"ఎప్పుడు అడుగుతావ్?"

"నువ్వు అరవడం ఆపాక."

ఫ్లోరిందా ఇంకో మాట అనబోయి నోరు మూసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వాల్దెమార్ ముఖంలో అల్లరి కూడా పోయింది, పాపం, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"నాకు నువ్వంటే ఇష్టం, ఫ్లోరిందా. రొట్టె కోసమైతే ఒక్క నిమిషం చాలుగా, ఏటా గంటసేపు ఇక్కడే ఎందుకు నిలబడతాననుకున్నావ్?"

అప్పుడే జుల్మీరా రెండు చేతుల్లో రెండు రొట్టెలతో వచ్చింది. "ఇదిగోరా నీది. ఇదిగోనే నీది. పొయ్యి మీద కూరుంది, త్వరగా తీసుకోండి."

"నాకొద్దమ్మా" అన్నాడు వాల్దెమార్, ఫ్లోరిందా వైపే చూస్తూ.

జుల్మీరా కళ్ళు పెద్దవి చేసుకుని అక్క కూతురి వైపు తిరిగింది.

ఫ్లోరిందా ఆ వేడి రొట్టెని చూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏ పండక్కీ వదలని రొట్టె అది. మెల్లిగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకూ వద్దు పిన్నీ."

జుల్మీరా ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "హమ్మయ్య! మీకు రొట్టెలిచ్చీ ఇచ్చీ నా జబ్బలు పడిపోతున్నాయనుకోండి" అంటూ పకపకా నవ్వి, ఇద్దరి నెత్తినా పిండి చేతులతో సిలువ గుర్తు వేసింది.

బయట పిల్లలు "దేవుడి పేరిట రొట్టె!" అని తలుపు బాదుతున్నారు. రెండు రొట్టెలూ వాళ్ళ సంచుల్లోకి వెళ్ళిపోయాయి. ఆ పండగ పూట ఊళ్ళో పెళ్ళికాని వాళ్ళలో రొట్టె లేనిది వాళ్ళిద్దరికే.